పాత బ్రేకు సామాను

"పాత సామాను పారేయకు సత్తార్ భాయ్. పైపులు, డ్రమ్ములు, ఆయిల్ బుడ్డితో సహా నాకే ఇయ్యి."

పొద్దుటి నుంచి అంతోనయ్య ఈ మాట అనడం ఇది మూడోసారి. అబ్దుల్ సత్తార్ జాకీ మీద లేపిన ఎర్రకారు ముందు చక్రం ఊడదీస్తున్నాడు. తల ఎత్తలేదు.

"ఏం జేస్కుంటవే వాటిని? దండేసి గోడకు పెట్టుకుంటవా?"

"పెట్టుకుంట. నీకేంది?"

సత్తార్ తనలో తనే నవ్వుకున్నాడు. చండ్రుగొండలో ఈ కారు సంగతి తెలియనివాళ్ళు తక్కువ. రెండే సీట్ల పాత స్పోర్ట్స్ కారు. కలప కాంట్రాక్టరు వెంకటరామారావు మోజుపడి తెచ్చుకున్నాడు గానీ, పద్నాలుగేళ్ళు నడిపింది అంతోనయ్యే. ఒక్క గీత పడనీయలేదు. కాంట్రాక్టరు పని ఎత్తేసి వెళ్ళిపోతూ కారు అంతోనయ్యకే ఇస్తాడని ఊరంతా అనుకుంది. అంతోనయ్య కూడా అనుకున్నాడు. ఇంటి ముందు దానికని రేకుల పందిరి వేసి పెట్టుకున్నాడు.

కాంట్రాక్టరు ఇచ్చింది మాత్రం అంతోనయ్య చిన్నాయన కొడుకు జయరాజ్‌కు.

జయరాజ్‌కు డ్రైవింగ్ రాదు. వారం తిరక్కుండానే, "అన్నా, భద్రాచలం దాకా నువ్వే తోలాలె" అని అంతోనయ్యను పిలిచి పక్క సీట్లో కూర్చున్నాడు. అడవిలో మలుపు దగ్గర కారు ఎడమ పక్క పోయి టేకుచెట్టుకు గుద్దుకుంది. జయరాజ్ అక్కడే పోయాడు. అంతోనయ్యకు కుడికాలు వంకరైంది. బ్రేకు పైపు పగిలి ఆయిలంతా కారిపోయిందని, ఎంత నొక్కినా పెడల్ నేలకు అంటిందే తప్ప బండి ఆగలేదని దవాఖానాలో మంచం మీద నుంచి చెప్పాడు. జయరాజ్ భార్య ఇన్నమ్మ అతని చేతులు పట్టుకొని, నువ్వన్నా మిగిలినవని ఏడ్చింది. కారును ట్రాక్టరుతో లాగించి, కొట్టంలో పెట్టి, టార్పాలిన్ కప్పింది. ఆరేళ్ళు ఎవరినీ ముట్టనీయలేదు.

ఇప్పుడు ఇన్నమ్మ లేదు. కూతురు మహిమ ఖమ్మంలో నర్సు. నాన్న కారు తనే నడుపుతానని పట్టుబట్టి సత్తార్ షెడ్డుకు తెచ్చింది. సొట్టలు తర్వాత, ముందు బ్రేకులు చూడమంది. ముందు చక్రాలకు డిస్కులు, నాలుగింటికీ కొత్త పైపులు వేయాలని మాట్లాడుకున్నారు. ఆ పనికి కావలసిన సామానంతా తనే ఖమ్మంలో వెతికి డబ్బాలో మోసుకొచ్చింది.

అప్పటి నుంచి అంతోనయ్య ఈ షెడ్డు వదల్లేదు. ఆడపిల్లకు ఈ బండి ఎందుకని ఒకసారి, తుక్కుకు వేసి చేతులు కడుక్కోమని ఒకసారి చెప్పి చూశాడు. మహిమ స్టీరింగ్ పట్టుకొని కూర్చుంటే అతని ముఖం మాడిపోయేది. ఆమె దిగగానే భుజం మీద తువ్వాలు తీసి స్టీరింగ్ తుడిచేవాడు.

"నీ పెళ్ళాన్ని కూడా గిట్ల చూసుకోలేదేమో గదనే" అన్నాడు సత్తార్.

అంతోనయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం శుక్రవారం నమాజుకు వెళ్ళి వచ్చేసరికి కారు కింద నుంచి రెండు కాళ్ళు కనబడ్డాయి. ఒకటి వంకరకాలు. సత్తార్ వంగి చూశాడు. అంతోనయ్య పానా పట్టుకొని పైపు నట్టు మీద బలమంతా పెడుతున్నాడు. తుప్పు పట్టిన నట్టు కదలడం లేదు.

"ఏం జేస్తున్నవ్?"

"ఇప్పి పెడదామని. నీకు పని తగ్గుతది."

సత్తార్ అతన్ని బయటికి లాగి, పానా గుంజుకొని జేబులో వేసుకున్నాడు. అసూయ పట్టినవాడి చెయ్యి బ్రేకుల దగ్గరికి రాకూడదు. రేపు కొత్తవి బిగించాక ఒక్క నట్టు వదులు చేస్తే చాలు, ఈ పిల్ల కూడా ఆ మలుపులోనే పోతుంది. మహిమ రాగానే పక్కకు పిలిచి ఆ మాటే చెప్పాడు. ఆమె కొట్టిపారేసింది.

"గట్ల అనకు చాచా. పెదనాయన ఈ కారు మీద పానం పెట్టుకున్నడు. నాకు తెల్వదా?"

అంతటితో ఊరుకోకుండా అంతోనయ్య దగ్గరికి వెళ్ళి, బాగయ్యాక మొదటిసారి భద్రాచలం దాకా నువ్వే తోలాలని అడిగింది. అతను నేల చూస్తూ నిలబడ్డాడు.

"నేనిగ తోలను బిడ్డా."

సత్తార్‌కు ఆ ముఖం చూస్తే మొదటిసారి జాలేసింది. పని మొదలుపెట్టాడు. పాత బ్రేకు ఎక్కడ పాడైందో చూడకుండా కొత్తది బిగించడం అతనికి అలవాటు లేదు. ఉస్తాద్ దగ్గర నేర్చుకున్న పద్ధతి అది. మొదట పాతదాంట్లో ఆయిల్ పోయాలి, ఒకరు పెడల్ నొక్కాలి, ఇంకొకరు కింద పడుకొని ఎక్కడ కారుతోందో చూడాలి.

"పాతది చూసుడేంది?" అన్నాడు అంతోనయ్య. "పైపు పగిలిందని చెప్పిన గదా."

"ఏ పైపో చూస్త."

"ఆరేండ్ల సంది పడి ఉన్నదాన్ని ఏం చూస్తవ్? కోసి అవతల పారెయ్యి."

"జర ఆగు అంతోనన్నా. పొద్దుగాల పారేయొద్దంటివి."

సత్తార్ బానెట్ లేపాడు. ఒక చేతిలో కొత్త ఆయిల్ డబ్బా ఉంది. రెండో చేత్తో బ్రేకు ఆయిల్ బుడ్డి మీద దుమ్ము తుడిచి, గుడ్డతో పట్టి మూత తిప్పాడు. లోపలికి చూశాడు. చుక్క పోయడానికి కూడా చోటు లేదు. డబ్బా మూత తీయకుండానే కింద పెట్టాడు.

అంతోనయ్య కర్ర అందుకొని గేటు వైపు నడవసాగాడు.

సత్తార్ అతని వైపు ఒకసారి చూసి, టార్చి తీసుకొని కారు కిందికి దూరాడు. పైపు వెంట ఈ చివర నుంచి ఆ చివర దాకా వెలుగు పోనిచ్చాడు. మహిమ డ్రైవర్ సీట్లో కూర్చుంది.

"నొక్కు బేటీ."

"నొక్కిన."

"ఇంకా గట్టిగ నొక్కు. నేలకు అంటిందా?"

ఆమె సీటుకు వీపు ఆనించి బలమంతా పెట్టి తొక్కింది. గేటు దగ్గర కర్ర చప్పుడు ఆగింది.

"గట్టిగనే ఉంది, చాచా."