తక్కువైన ఓటు

గనుల భద్రత బిల్లు ఒక్క ఓటు చాలక ఏళ్ల తరబడి పార్లమెంటులో నానుతోంది. ఆ రోజు మళ్లీ ఓటింగు మొదలవుతుండగా ప్రతిపక్ష సభ్యురాలొకామె లేచి నిలబడింది.

"కూర్చో చెల్లెమ్మా! అది వాళ్ల బిల్లు," పార్టీ నాయకుడు పళ్లు కొరికాడు.

"మా ఆయన గనిలోనే పోయాడన్నా. శవం కూడా దక్కలేదు. పార్టీలోంచి గెంటేసినా సరే, ఓటేస్తాను."

ఆమె నడిచి వెళ్లి, బిల్లు తెచ్చిన మంత్రి పక్కన నిలబడింది. "మీకు తక్కువైన ఓటు నాదేనండీ. ఇక నెగ్గుతుంది."

ఇన్నాళ్లూ ఆ బిల్లు కోసం గొంతు చించుకున్న మంత్రి మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆయన ఆమె వంక చూడలేదు. ఎదుటి వరుసలో ఉన్న ఆమె నాయకుడి వైపు చూశాడు.

ఇద్దరూ ఒకేసారి లేచి అరిచారు.

"సభ వాయిదా వేయండి అధ్యక్షా!"