గువ్వలంక కోసం కాసేపు

దీవెనకు చెత్త అంటే పడదు. ఇంట్లో గిన్నెలైనా, ఆఫీసులో సర్వర్ అయినా అద్దంలా మెరవాలి.

ఏలూరు పక్కన వట్లూరు దగ్గర ఓ చిన్న కంపెనీలో చేరీ చేరగానే సర్వర్ సెట్టింగులన్నీ తిరగేసింది. కొల్లేట్లో చేపలు పట్టేవాళ్ల కోసం నడిపే గాలివాన హెచ్చరికల పేజీ దగ్గర ఓ వింత కనబడింది.

ఎవరడిగినా సర్వర్ ఆ పేజీని ఒకేలా పంపుతోంది. కొల్లేటి మధ్యనున్న గువ్వలంక ఊరి ఇంటర్నెట్ సెంటర్ నుంచి అడిగితే మాత్రం అప్పటికప్పుడు పద్ధతి మార్చుకుంటోంది. బొమ్మలు తీసేస్తోంది. పేజీ పూర్తిగా చేరేదాకా లైను తెంపకుండా ఆగుతోంది. ఆ ఒక్క రిక్వెస్టు అయ్యాక మళ్లీ మామూలే.

"ఎవరు రాశారిది?"

"ఎడ్విన్‌గారండీ. మీకు ముందు ఇక్కడ చేసినాయన," అంది ఆఫీసు ఆయా రత్నం, టీ గ్లాసు బల్లమీద పెడుతూ.

"ఏం, గువ్వలంకవాళ్లు ఆయన చుట్టాలా? రూలంటే అందరికీ ఒకటే ఉండాలి."

ఆ నాలుగు లైన్లూ చెరిపేసి చేతులు దులుపుకుంది దీవెన.

ఆ వారంలోనే ఓ పొద్దున్న పని చేసుకుంటూ తలెత్తేసరికి, బల్లకు అవతల ఓ పెద్దాయన నిలబడి ఉన్నాడు. తలుపు తీసిన చప్పుడే లేదు. గదిలో కొల్లేటి నీళ్లమీద తేలే గుర్రపుడెక్క వాసన వేసింది.

"మాది గువ్వలంకండి. జోగారావంటారు. మా ఊరికి గాలి పేజీ రాట్లేదండి."

"కంప్లెయింట్ రాసిచ్చి వెళ్లండి. చూస్తాం."

"సగం వచ్చి ఆగిపోతందండి. మా లైనుది నత్తనడక కదండీ. మీ మిషన్ని మాకోసం కాసేపు ఆగమనండమ్మా."

దీవెనకు ఒళ్లు మండింది. "ఊరికో రూలు పెట్టుకుంటూ పోతే మేం ఉద్యోగం చేసినట్టే! రేపు చూద్దాం లెండి."

"రేపు కాదమ్మా. మధ్యాహ్నం గాలుంది. ఈలోపు పడవలు తోసేత్తారు."

"ఒక్కరోజు చేపలు పట్టకపోతే కొంపలేం మునిగిపోవు కదండీ?"

"ఇవాళ చేపలక్కాదమ్మా," అన్నాడాయన.

ఈయనకి గాలి సంగతి ఎలా తెలిసిందా అని దీవెన పేజీ తెరిచింది. ఆమె చూస్తుండగానే పైన ఎర్రక్షరాలు వచ్చి పడ్డాయి. మధ్యాహ్నం పెనుగాలి. సరస్సులోకి ఎవరూ వెళ్లవద్దు.

గబగబా సర్వర్‌కి వచ్చిన రిక్వెస్టులు చూసింది. గువ్వలంక నుంచి ఒకటి. మధ్యలో తెగిపోయింది. మళ్లీ గువ్వలంక. అదీ తెగింది. తెల్లవారినప్పట్నించీ అలా వస్తూనే ఉన్నాయి. ఇప్పుడే ఇంకోటి.

"ఎవరండీ బాబూ, ఊపిరి తీసుకోకుండా నొక్కుతున్నారు?"

"నేనేనమ్మా."

"మీరిక్కడుంటే అక్కడెలా నొక్కుతారండీ?"

ఆయన తెరవంకే చూస్తున్నాడు. రెప్ప వేయడం లేదు. తెగిపోయిన రిక్వెస్టు మళ్లీ వచ్చింది.

దీవెనకు ఇంకో మాట అడగాలంటే భయమేసింది. చెరిపేసిన నాలుగు లైన్లూ గుర్తు తెచ్చుకుని, మళ్లీ రాసింది. గువ్వలంక అడిగితే, ఆ ఒక్కసారికి, చేరేదాకా ఆగు.

ఈసారి సర్వర్ ఆగింది. పేజీ కొంచెం కొంచెంగా వెళ్లింది. పూర్తిగా చేరింది. ఆ తర్వాత అక్కణ్ణుంచి ఒక్క రిక్వెస్టు కూడా రాలేదు.

"హమ్మయ్య! అయిందండీ. ఇంతసేపూ మిమ్మల్ని నిలబెట్టేశాను. కూర్చోండి, టీ తాగి వెళ్దురుగాని."

"నాకింక తొందరేం లేదమ్మా. తొందరంతా వాళ్లకే," అని తువ్వాలు భుజాన సర్దుకుని వెళ్లిపోయాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించింది దీవెన. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

మధ్యాహ్నానికి గాలి రానే వచ్చింది. ఏలూరులో రేకులు ఎగిరిపడ్డాయి, కరెంటు పోయింది. గువ్వలంక పడవలు తలుచుకుంటూ దీవెన కిటికీ దగ్గరే ఉండిపోయింది.

గాలి తగ్గాక, సాయంత్రం గువ్వలంక సెంటర్‌కి ఫోన్ చేసింది. సెంటర్ నడిపే సుబ్బారావు పలికాడు.

"పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయండీ. తోయబోతుంటే నేను పేజీ చూసి, చర్చి మైకులో చెప్పించేశాను. ఒక్కటీ లోపలికెళ్లలేదు."

దీవెనకు ఏడుపొచ్చినంత పనైంది. "అంతా జోగారావుగారి పుణ్యమండీ. పొద్దున్న ఆయనొచ్చి పట్టుబట్టబట్టే పేజీ బాగుచేశాను. ఓసారి పిలుస్తారా? తప్పు నాదేనని చెప్పాలి."

"జోగారావుగారా? మీ దగ్గరికా?"

"అవునండీ, ఇక్కడికే."

"పొద్దుట్నించీ సెంటర్‌కి తాళమేసి నేనూ ఒడ్డునే ఉన్నానండీ. ఎందుకో మనసు లాగి, ఒక్కసారి వచ్చి తలుపు తీశాను. ఆపేసి వెళ్లిన కంప్యూటర్ ఆన్‌లో ఉంది. పేజీ మొత్తం తెరుచుకునుంది."

"మరి జోగారావుగారు...?"

"రోజూ ఆ పేజీ చూసి, లోపలికెళ్లొచ్చో లేదో ఊరికి చెప్పేది ఆయనేనండీ. పేజీ రావడం మానేశాక, గాలెలా ఉందో చూసొత్తానని నిన్న తెల్లారగట్ల ఒక్కడే లోపలికెళ్లారు. తిరిగి రాలేదు."

సుబ్బారావు ఇంకా చెబుతున్నాడు.

"ఇవాళ పడవలన్నీ తోయబోయింది ఆయన్ని వెతకడానికేనండీ. గాలి తగ్గాక, ఆయనే గుర్రపుడెక్కతో పాటు ఒడ్డుకి కొట్టుకొచ్చారు."