సోమమ్మ పలకని మాట

"రెయిన్ అంటె వాన అన్నవ్, గోట్ అంటె మేక అన్నవ్. గీ ఒక్క మాట ఎందుకు రాదు నీకు?" అని పంతులమ్మ నిర్మలమ్మ మళ్ళీ అడిగింది.

సోమమ్మ తల వంచుకుని పలక అంచును గోటితో గీకుతూ నిలబడింది. కొట్టినా పలికేలా లేదు.

ఆ మాట ఆర్ఫన్. అవ్వా బాపూ, అంటే తల్లీ తండ్రీ, లేని పిల్ల అని అర్థం చెప్పింది నిర్మలమ్మ. ఐ యామ్ ఏన్ ఆర్ఫన్ అని వాడుక కూడా నేర్పింది. మిగతా పిల్లలు పాటలా అప్పజెప్పారు. కొత్త మాట ఏదిచ్చినా పేలాలు నమిలినట్టు నమిలేసే సోమమ్మకు మాత్రం ఈ మాట దగ్గరికి రాగానే పండ్లు గిట్టకరుచుకుపోతాయి.

పాలమూరు శివారులో తెల్ల దొరసానులు నడిపే ఆడపిల్లల బోర్డింగ్ అది. కరువు యేడు కావడంతో గింజలు తక్కువ, తినే నోళ్ళు ఎక్కువ. అందుకని హైదరాబాదు నుంచి పెద్ద దొరసాని వస్తోంది. ఒక్కొక్క పిల్లనూ ఎదుట నిలబెట్టి, నీకెవరున్నారని ఇంగ్లీషులో అడుగుతుంది. ఉన్నారన్నా, నీళ్ళు నమిలినా ఆ పిల్లను ఊరికి పంపేస్తారు.

సోమమ్మ ఊరికి పోతే ఏమవుతుందో నిర్మలమ్మకు తెలుసు. ఆ ఊరి దొర బిడ్డకు పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురి వెంట అత్తవారింటికి ఆడబాపలుగా పంపడానికి దొర ఉండే గడీ నుంచి మనుషులు వచ్చి ఊళ్ళో పిల్లలను ఏరుతున్నారు. ఆడబాపకు బతికినన్నాళ్ళూ చాకిరీయే, మళ్ళీ తన ఇల్లంటూ ఉండదు. అక్కడ జరిగే మిగతా సంగతులు నిర్మలమ్మ నోటితో అనలేదు.

ఆమెకు ఇంకో భయం కూడా ఉంది. అది గొర్రెల కాపరి పర్వతాలు. గత్తర రోగం వచ్చి ఇంటిల్లిపాదీ పోయారని, ఊరివాణ్ణి గనుక తోలుకొచ్చానని చెప్పి సోమమ్మను బోర్డింగ్‌లో దింపింది అతనే. దింపినవాడు దింపినట్టు పోక, ఆదివారమైతే చాలు గేటు దగ్గర ప్రత్యక్షం. గొంగడి కొంగులో ఇన్ని తునికి పండ్లు మూట కట్టుకుని వస్తాడు. అతను కాసేవి దొర గొర్లు. పరాయి పిల్ల కోసం అంత దూరం ఎవడు నడుస్తాడు, గడీ వాళ్ళు పంపితే తప్ప? సోమమ్మ కూడా అతన్ని మామ అనో కాక అనో ఏ వరసా పెట్టి పిలవదు. అందుకే అతను వచ్చినప్పుడల్లా నిర్మలమ్మ గద్దను చూసిన కోడిలా పిల్ల పక్కనే నిలబడేది.

ఆ ఆదివారం మాత్రం విసుగుపట్టలేక, సోమమ్మ ఆ మాట అనడం లేదని అతనికే చెప్పేసింది. పర్వతాలు ఆ మాటకు అర్థం ఏమిటని అడిగాడు. చెప్పింది. అతను తునికి పండ్ల మూట విప్పి, మళ్ళీ ముడి వేశాడు.

"అనకుంటె ఏమైతది?" అన్నాడు చివరికి.

"ఎల్లగొడ్తరు. అటెన్క ఏమైతదో నాకన్న నీకే ఎరుక."

"గా మాట నాకు నేర్పు పంతులమ్మా. నేను అనిపిస్త."

గొర్లను అదిలించి అదిలించి మొద్దుబారిన నోరు అది. ఆరుపాను అన్నాడు, ఆర్పెను అన్నాడు. కిటికీలోంచి చూస్తున్న పిల్లలు కిలకిలా నవ్వారు. అతను సిగ్గుపడలేదు. నాలుక తిరిగేదాకా వదలలేదు. తరువాత గేటు ముందు గొంతుకూర్చుని సోమమ్మను పిలిచాడు.

"నా మొగం దిక్కు సూడు బిడ్డా. నేనన్నట్టు అను. ఐ యామ్ ఏన్ ఆర్ఫన్."

సోమమ్మ కమ్మీల సందులోంచి చెయ్యి పెట్టి అతని గొంగడి పట్టుకుంది. అననని తల ఊపింది.

"అను. అనకుంటె గడీల పడ్తవ్."

మళ్ళీ అన్నాడు, మళ్ళీ అన్నాడు. అతని గొంతు జీరపోయింది. అన్నిసార్లు అరిస్తే పోదా మరి, అనుకుంది నిర్మలమ్మ. ఆఖరికి సోమమ్మ వెక్కుతూ ఆ మాట అంది. వెక్కకుండా అనమన్నాడు. కళ్ళు తుడుచుకుని అంది. అప్పుడు పిల్ల పిడికిట్లోంచి గొంగడి మెల్లగా విడిపించుకుని లేచాడు.

"ఇగ ఐతారాలు నేను రాను పంతులమ్మా. ఒస్తుంటె ఎవలన్న ఒకలు అడుగుతరు, నువ్వెవలని."

పీడ వదిలిందని నిర్మలమ్మకు ప్రాణం హాయిగా ఉంది. అతను వెనక్కి తిరిగి చూడకుండా తంగేడు పొదల దారిన పోయాడు.

తరువాతి ఆదివారాలు గేటు దగ్గర ఎవరూ లేరు. సోమమ్మ మాత్రం కూటి గంట కొట్టేదాకా అక్కడే నిలబడేది. తునికి పండ్ల మీద మనసు పోయింది కాబోలని నిర్మలమ్మ ఒకసారి బజారు నుంచి తెప్పించి పెట్టింది. సోమమ్మ వాటిని ముట్టుకోలేదు. కొన్నాళ్ళకు గేటు దగ్గరికి పోవడమే మానేసింది.

పెద్ద దొరసాని వచ్చింది. సోమమ్మ వంతు రాగానే నిర్మలమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. ఆ పిల్ల నిటారుగా నిలబడి, దొరసాని కళ్ళలోకి చూస్తూ, ఎక్కడా తడబడకుండా అంది.

"ఐ యామ్ ఏన్ ఆర్ఫన్."

దొరసాని జాలిగా తల నిమిరి, ఈ పిల్ల ఇక్కడే ఉండాలని చెప్పింది. నిర్మలమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సాయంత్రం సోమమ్మను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వుతూ మురిపెంగా అడిగింది.

"గింత మంచిగ చెప్పినవ్ గద. మరి గన్ని దినాలు ఎందుకు అనకపోతివి?"

సోమమ్మ తల తిప్పలేదు.

"అప్పుడు ఐతారం ఐతారం బాపు ఒస్తుండె."