కబురయ్య చుట్టాలు

ఒక అడవిలో మందులు కనిపెట్టేవాళ్ల గొప్పతనాన్ని, నలుగురూ వాళ్ల పేరు ఎంతగా చెప్పుకుంటున్నారో చూసి కొలిచేవారు. కబురయ్య అనే కాకి కనిపెట్టిన మందేదీ పనిచేసేది కాదు. అయినా అతని చుట్టాలు పొద్దస్తమానం "కబురయ్య చెప్పాడు" అని అరిచేవారు. దాంతో అతనే పెద్ద వైద్యుడైపోయాడు.

ఒకరోజు జింక జ్వరంతో కాలిపోతున్న తన పిల్లను అతని ముందు పడుకోబెట్టి, "నువ్వే కాపాడాలయ్యా" అని ఏడ్చింది. ఆ పిల్ల వణుకు చూసి, తన మందేదీ పనిచేయదని కబురయ్యకు గుర్తొచ్చింది. మందుల మీద ఏళ్ల తరబడి పరీక్షలు చేస్తున్న ఏదుపంది ముళ్లమ్మ దగ్గరికి ఎగిరి వెళ్లాడు.

"అక్కా, జ్వరానికి నువ్వు కనిపెట్టిన బెరడు కాస్త ఇవ్వవూ?"

"ఇన్నాళ్లూ నా పేరు ఎప్పుడైనా ఎత్తావా?" అంటూ ముళ్లు నిక్కించింది ముళ్లమ్మ.

"ఇవాళ ఎత్తుతాను. ముందు పిల్ల బతకాలి."

ముళ్లమ్మ కాచి ఇచ్చిన కషాయంతో జింకపిల్ల సాయంత్రానికి లేచి గంతులేసింది. కబురయ్య కొమ్మెక్కి, "ముళ్లమ్మ చెప్పింది!" అని అరిచాడు. అలవాటు కొద్దీ చుట్టాలంతా అదే మాట అందుకున్నారు. అడవి మోగిపోయింది.

ముళ్లమ్మ ముసిముసిగా నవ్వుకుంటూనే కేకేసింది.

"పేరు సరే, ఆ బెరడు ఏ చెట్టుదో కూడా చెప్పండర్రా!"