మూడో తట్టు

మద్లైనా తన భర్త కుర్దిన్ సంచి సర్దుతోంది. మంచు తవ్వే పార, మంచులో గుచ్చి వెతికే మడత కర్ర, ఎండబెట్టిన మాంసం, రై రొట్టె. కుర్దిన్ పాత బిస్కెట్ డబ్బా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇదెందుకు?"

"రొట్టె నలగకుండా."

ఊళ్లో అందరూ అతని మాట విన్నాకే కొండెక్కుతారు. నిన్న ఎదుటి వాలులో గుంట తవ్వి, మంచును స్తంభంలా కోసి, మీద పార ఆనించి చేత్తో తట్టి చూశాడు. ముప్పై తట్లకు నిలవాల్సింది మూడో తట్టుకే జారిపోయింది. అడుగున మంచు పంచదారలా పొడిపొడిగా ఉందట.

"మరి నువ్వెందుకు వెళ్లడం?"

"వాలు మీదికి కాదు మద్లైనా. కొండ గట్టు మీదుగా వెళ్లి పైనుంచి చూసొస్తా. ఇంకెవర్నీ రానీకు."

ఆమె అతని మెడలో బీపర్ వేసింది. మంచులో కూరుకుపోతే మనిషి ఎక్కడున్నాడో దాని కూతే చెప్పాలి. తన బీపర్ దగ్గరగా పెట్టి చూసింది. రెండూ పలికాయి. అలా పలకందే ఆ ఇంట్లో ఎవరూ గడప దాటరు.

గుమ్మంలో స్కీలకు మైనం రాస్తున్న ఆమె తమ్ముడు బాల్జర్ నవ్వాడు.

"గంట కట్టి తోలుతోంది బావా. గట్టు దాటి ఇటలీలో మేద్దామన్నా కుదరదు నీకు."

"తప్పిపోతే వెతికేవాడివి నువ్వున్నావుగా," అని కుర్దిన్ అతని భుజం తట్టి వెళ్లిపోయాడు. బీపర్ను మంచులో పాతిపెట్టి బావమరిదికి వెతకడం నేర్పింది అతనే.

మధ్యాహ్నం కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఎదుటి వాలు సగం విరిగి జారింది. గట్టు మీది కుర్దిన్ స్కీల గాడి సరిగ్గా ఆ విరిగిన చోటే ఆగిపోయింది.

అక్కాతమ్ముళ్లు పరిగెత్తారు. వాలు అడుగుకు చేరగానే బాల్జర్ చేతిలో బీపర్ కూసింది.

"మోగుతోందక్కా." రెండడుగులు వేసి ఆగాడు. "మిగతా సగం ఇంకా పైన వేలాడుతోంది. మూడో తట్టుకే అన్నాడు కదా బావ."

మంచు కింద మనిషికి పావుగంట ఊపిరి.

"కింద ఉన్నది మీ బావరా," అంది మద్లైనా. "వెళ్లు."

వెళ్లాడు. మద్లైనా అంచునే ఉండిపోయింది. అతను అటూ ఇటూ తిరిగి, మోకాళ్ల మీద కూలబడి తవ్వడం మొదలుపెట్టాడు. అప్పుడు మిగతా సగమూ వచ్చింది.

అంత లోతు మంచు తవ్వలేక, చర్చిలో ఇద్దరికీ కలిపి చావు గంట కొట్టారు.

మే నెలలో మంచు కరిగాక బాల్జర్ దొరికాడు, మోకాళ్ల మీద ఎలా ఉన్నాడో అలాగే. గుండెకు హత్తుకుని ఉంది బిస్కెట్ డబ్బా. తుప్పు పట్టిన మూతను మద్లైనాయే పట్టి లాగింది.

లోపల రొట్టె లేదు, కుర్దిన్ మేజోట్లో కదలకుండా చుట్టిన అతని బీపర్ ఉంది. ఆ రోజు, ఫిబ్రవరి పదకొండున, కుర్దిన్ డబ్బాను వాలులోకి విసిరి గట్టు దాటి ఇటలీ వైపు దిగిపోయాడు, ఆ వాలు నుంచి తిరిగి రానివాడు బాల్జర్ ఒక్కడే.