ఉప్పు తక్కువైంది

శుక్రవారం సాయంత్రం నమాజు పిలుపు వినిపించేసరికి సమూయేలుకు కుదురు పోయింది. నీలం కారు వచ్చే వేళయింది.

గల్ఫ్ దీవిలోని మహూజ్‌లో ఆ చిప్స్, ఐస్‌క్రీం కొట్టుకు ఒకటే కిటికీ. లోపల ఇద్దరు. ఐస్‌క్రీం మిషను సమూయేలుది. నూనె బాండీ, కిటికీ దేవన్నవి. సౌదీ నుంచి సముద్రం మీదుగా వంతెన తెరిచిన ఏడాది అది. శుక్రవారమైతే కార్లు బారులు తీరేవి.

దేవన్నను ఆ పనిలో పెట్టించింది సమూయేలే. హిద్‌లో ఇనుము మోస్తుంటే, మంచివాడని కొట్టు యజమానికి, అంటే వీసా ఇచ్చే కఫీల్‌కు మాటిచ్చి తెచ్చాడు. ఇప్పుడా మాట పోయేలా ఉంది.

కారణం ఒక ఆడమనిషి. ఎవరింట్లోనో పనిచేస్తుంది. ప్రతి శుక్రవారం ఆ ఇంటి పిల్లలతో నీలం కారులో వస్తుంది. పిల్లలు కారులోనే ఉంటారు. ఆమె దిగి వచ్చి కిటికీ దగ్గర తగువు పెట్టుకుంటుంది. పైగా తెలుగామె. సమూయేలుకు అదే ఇంకా మంట.

“ఏమయ్యా, ఉప్పేది దీంట్ల? దుబాయిల ఉప్పుకు గూడ కరువొచ్చిందా?” గల్ఫ్‌లో ఏ ఊరైనా ఆమెకు దుబాయే.

“ఏస్తనమ్మా.”

“గింత లావు కోస్తె లోపల ఉడుకుతదా? ఆ చేతికేమైంది?”

“నూనె వడ్డది.”

“కాలిన చేతితోని పొట్లం గడ్తవా? కట్టు గట్టుకో. లేకుంటె నేను తీస్కోను.”

దేవన్న చేతికి గుడ్డ చుట్టుకున్నాడు. ఏ వారం ఏ వంక పెట్టినా మళ్లీ వేయించేవాడు. మళ్లీ వేయిస్తే మాడిందనేది. వెనకున్నవాళ్లు విసుక్కునేవాళ్లు. దేవన్న ఒక్కసారీ విసుక్కోలేదు.

సమూయేలు ఒకసారి మెత్తగా మాట కలిపి చూశాడు.

“ఏ ఊరమ్మా మనది?”

ఆమె అడుగు వెనక్కి వేసింది. అప్పటికే డ్రైవరు కారు దిగాడు. అలాంటి ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లను ఊరూ పేరూ అడగకూడదని సమూయేలుకు ఆ రోజు తెలిసొచ్చింది. సరుకు బాగాలేదని దెబ్బలాడితే డ్రైవరు పట్టించుకోడు. ఇంకో మాట మాట్లాడితే అది యజమానురాలి చెవిన పడుతుంది. ఆమె పని పోతుంది.

ఆ సంగతి సమూయేలు అదే రోజు కూలీల క్యాంపులో పదిమందికి చెప్పాడు. అతని నోట్లో మాట ఆగదని క్యాంపులో ఎగతాళి. అతనూ కాదనడు.

పోయిన శుక్రవారం తగువు కఫీల్ కంట పడింది. ఆయనకు మాటలు అర్థం కాలేదు. గొంతు అర్థమైంది.

“ఇంకోసారి గొడవైతే దేవన్న ఖలాస్,” అన్నాడు సమూయేలుతో. ఖలాస్ అంటే ఇండియా విమానం.

ఈ శుక్రవారం ఆయన కొట్టు పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

దేవన్నకూ కుదురు లేదు. తల దువ్వుకున్నాడు. కిటికీలోంచి మెడ చాచి రోడ్డు చూశాడు. నూనె దగ్గరకు వెళ్లి, మళ్లీ వచ్చి చూశాడు.

“రాలేదా అన్నా ఇంక?”

“రాలేదు. నువ్వు వెనక గదిలోకెళ్లి దుంపలు కొయ్యి. ఆవిడ సంగతి నేను చూసుకుంటాను.”

“వద్దన్నా. నేనే ఉంట. ఆమె నోరు నాకలవాటే.”

“నీకలవాటేరా, కఫీల్‌కి కాదుగా! ఎలా కూర్చున్నాడో చూడు, పరీక్ష హాల్లో మాస్టారులాగా. నీ ఉద్యోగం ఊడితే ఆయన ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను? వెళ్లు.”

దేవన్న కదల్లేదు. సమూయేలు అతన్ని భుజం పట్టి వెనక గదిలోకి నెట్టి తలుపు వేశాడు.

నీలం కారు ఆగింది. ఆమె వచ్చి కిటికీలోంచి లోపలికి చూసింది. ఆ మూల చూసింది. ఈ మూల చూసింది.

“ఆయనేడి?”

“ఎవరు?”

“ఆలుగడ్డలు గోలిచ్చేటాయన.”

కఫీల్ ఇటు తల తిప్పాడు. సమూయేలు నోటికొచ్చింది చెప్పేశాడు.

“ఇండియా పంపేశారమ్మా. మొన్నే విమానం ఎక్కించారు. అంతా మీ నోటి చలవే.”

సమూయేలు పొట్లం కట్టి, కోన్లు పట్టి చేతికిచ్చాడు.

“ఉప్పు సరిపోయిందో లేదో ఇక్కడే చూసుకోండి.”

“సరిపోయింది,” అంది. పొట్లం విప్పలేదు.

ఐస్‌క్రీం కరిగి ఆమె మణికట్టు మీదికి కారింది. డ్రైవరు హారన్ కొట్టాడు. రెండోసారి కొట్టాక ఆమె కదిలింది.

కఫీల్ సమూయేలుకేసి చూసి తలూపాడు. కుర్చీ లోపల పెట్టించి వెళ్లిపోయాడు.

సమూయేలు వెనక గది తలుపు తీశాడు.

“పీడ వదిలిందిరా దేవన్నా! నిన్ను ఇండియా పంపేశారని చెప్పాను. దెబ్బకి నోరు పడిపోయింది. ఇక ఈ ఛాయలకు రాదు.”

దేవన్న చేతిలో కత్తి ఆగింది. లేచాడు. సమూయేలును తోసుకుని రోడ్డు మీదికి పరుగెత్తాడు. నీలం కారు మలుపు తిరిగిపోయింది.

తిరిగొచ్చి ఆలుగడ్డల బస్తా మీద కూర్చున్నాడు. చేతికున్న కట్టు విప్పాడు. మళ్లీ చుట్టాడు.

“ఏమైందిరా? ఉద్యోగం నిలబెట్టానుగా!” అన్నాడు సమూయేలు.

“వారానికొక్కపారి మాట్లాడుకుంటుంటిమి అన్నా, అది గూడ ఆలుగడ్డల మీదనే,” అన్నాడు దేవన్న, “అది నా పెండ్లాం గౌరవ్వ.”