దుర్గవ్వ బొంత

చంద్లాపూర్‌లో ఓట్లడుగుతున్న నాగేశం కప్పబోయిన కండువాను దుర్గవ్వ చటుక్కున అందుకుని, మనవరాలికి కుడుతున్న బొంత మీద పరిచి కొలత చూసింది.

నాగేశానికి అరికాలి మంట నెత్తికెక్కింది. బొంత నిండా రంగురంగుల కండువాలే, అన్నీ వేరే పార్టీలవే!

“ఏందవ్వా, గింతమందికి ఓటేస్తనని మాటిచ్చినవా?”

“గింతమంది ఏడున్నరు బిడ్డా? గీ నడుమది ఎమ్మెల్యే ఓట్లప్పుడు, గీ పక్కది ఎంపీ ఓట్లప్పుడు, గా అంచుది సర్పంచు ఓట్లప్పుడు. అన్నీ నువ్వు కప్పినయే గద!”

వెనకున్న కార్యకర్తలు తలలు దించుకుని నవ్వారు. నాగేశం కోపం చప్పున చల్లారింది. తన మూడేళ్ల రాజకీయం బొంతలో వరుసగా కుట్టి ఉంది.

“ఇంక మూరెడు తక్కువ పడ్డది,” సూదికి దారం ఎక్కిస్తూ అంది దుర్గవ్వ. “నీ మెడలది గూడ ఇయ్యరాదు బిడ్డా, ఎన్ని దినాలుంటదని!”